తలకిందులైన షష్టిపూర్తి

సీడీ చేతిలో పెట్టి, "ఏ కంప్యూటర్లో అయినా ఆడుద్ది సార్" అని చెప్పి స్కూటరెక్కి వెళ్ళిపోయే వీడియోవాళ్ళు ఉన్నారే, వాళ్ళు చేసేది మోసం. దానికి ఇంకో పేరు వెతకక్కర్లేదు. వాళ్ళ పక్కనే బోనులో నిలబెట్టాల్సింది, ఇద్దరల్లుళ్ళకీ ఒకే బంతిలో విస్తళ్ళు వేసి, చిన్నవాడికి మాత్రం అడక్కుండా రెండోసారి నెయ్యి వడ్డించే అత్తగార్లని. 2004లో విజయవాడ సత్యనారాయణపురంలో ఒక పెద్దమనిషి షష్టిపూర్తి నవ్వులపాలైందంటే ఆ పాపం వీళ్ళది. పురోహితుడిది ఎంతమాత్రం కాదు. ఈ ముక్క ముందే ఎందుకు చెప్పాల్సొచ్చిందంటే, ఆ వీడియో చూసిన ఆదివారం మధ్యాహ్నందాకా ఇంటిల్లిపాదీ పురోహితుడిదే అన్నారు.

రామకోటేశ్వరరావు ఆ ఇంటికి పెద్దల్లుడు. ఇరిగేషన్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. పెళ్ళయి పన్నెండేళ్ళు. ఈ పన్నెండేళ్ళలో అత్తగారు లక్ష్మీనరసమ్మ గారి గ్యాసు సిలిండర్లు మోసిందీ, కరెంటాఫీసు చుట్టూ తిరిగిందీ, మావగారు మల్లికార్జునరావు మేష్టారి కంటి ఆపరేషనప్పుడు ఆస్పత్రి బల్ల మీద మూడు రోజులు పడుకుందీ అతనే. చిన్నల్లుడు జయదేవ్‌ది హైదరాబాదులో కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం. ఏడాదికి రెండుసార్లు మడత నలగని చొక్కాతో దిగుతాడు. దిగి టీవీ రిమోట్‌లో బ్యాటరీలు మారిస్తే చాలు, అత్తగారు వీధి వీధంతా చెప్పేది: "మా జయదేవ్ చెయ్యి పడితే ఏదైనా పనిచెయ్యాల్సిందేనమ్మా!" సిలిండర్ సంగతి ఆవిడ ఎవరితోనూ అన్న పాపాన పోలేదు.

ఆ ఆదివారం పొద్దున్న రామకోటేశ్వరరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. మేష్టారి షష్టిపూర్తి అయి నెల దాటింది. వీడియో తీసిన జాన్‌బాబుకి గవర్నర్‌పేటలో స్టూడియో ఉంది. కొత్త డిజిటల్ కెమెరా కొన్న ఉత్సాహంలో అతను, టీవీ కింది ప్లేయర్లో పడే మామూలు సీడీ ఇవ్వకుండా, కంప్యూటర్లో తప్ప తెరుచుకోని ఫైలు చేసి ఇచ్చాడు. సత్యనారాయణపురంలో ఆ కుటుంబం మొత్తానికి కంప్యూటరున్నది పెద్దల్లుడి ఇంట్లోనే. పదిన్నరకి అత్తమామలు వస్తారు, చూస్తారు. మధ్యాహ్నం భోజనానికి జయదేవ్, అతని భార్య పద్మశ్రీ దిగేసరికి అంతా అయిపోయి ఉంటుంది. "పెద్దల్లుడుగారే చూపించారు" అని అత్తగారు అనాలి. జయదేవ్ వినాలి. అంతకు మించి అతను భగవంతుణ్ణి ఏమీ కోరలేదు.

ఫైలు మాత్రం శనివారం మధ్యాహ్నమే మొరాయించింది. సన్నాయి శుభ్రంగా వినిపిస్తోంది, తెర మాత్రం నల్లగా ఉంది. ఫైలు దెబ్బతిందేమోనని సీడీ బయటికి తీసి విభూతితో తోమి మళ్ళీ పెట్టాడు. ఈసారి సన్నాయి కూడా వెక్కిళ్ళు పెట్టింది. తోమింది కడిగి తుడిచి, ఫైలు మళ్ళీ కాపీ చేస్తే సన్నాయి బాగుపడింది గాని బొమ్మ రాలేదు. జాన్‌బాబుకి ఫోన్ చేశాడు. అతను కూచిపూడిలో ఏదో నాట్యోత్సవం తీస్తున్నాడు.

"ఫైలు బానే ఉంది సార్. మీ సిస్టంలో కోడెక్ లేదు."

"అంటే?"

"బొమ్మలన్నీ నొక్కి నొక్కి చిన్నది చేసి ఫైల్లో కూరతాం కద్సార్. దాన్ని మళ్ళీ విప్పే ప్రోగ్రామన్నమాట. అదేసుకోండి, ఆడుద్ది."

"ఏ కోడెక్ వెయ్యాలయ్యా?"

"ఏదో ఒకటెయ్యండి సార్, అన్నీ ఒకటే!" అని తాళాలూ మద్దెలా హోరులో జాన్‌బాబు ఫోన్ పెట్టేశాడు.

ఆ "ఏదో ఒకటి" దగ్గరే కొంప మునిగింది. రామకోటేశ్వరరావు నెట్ సెంటరుకి వెళ్ళి మూడు రకాల కోడెక్ మూటలు తెచ్చాడు. మొదటిది వేస్తే మావగారు ఆకుపచ్చగా, అత్తగారు గులాబీరంగులో ప్రత్యక్షమయ్యారు. దాని మీద రెండోది వేస్తే బొమ్మ ముక్కలు ముక్కలై, పురోహితుడి తల ఒక మూల, చేతులు ఒక మూల తేలాయి. ఆదివారం పొద్దున్న స్నానం చేసి, దణ్ణం పెట్టుకుని, ఆ రెండింటి నెత్తిన మూడోది కూడా వేశాడు. అద్భుతం! రంగులు వచ్చాయి. ముఖాలు వచ్చాయి. పట్టుచీర అంచులు కూడా లెక్కపెట్టుకోవచ్చు. కాకపోతే అందరూ తలకిందులుగా ఉన్నారు.

వెనక నుంచి భార్య శాంభవి తొంగిచూసింది. "ఏమండీ, ఎలాగూ జయదేవ్ వస్తున్నాడుగా. అతన్నడిగితే రెండు నిమిషాల్లో..."

"ఈ కంప్యూటర్ దగ్గర ఆ పేరెత్తకు."

"మా నాన్న కాళ్ళు పైకుంటే ఎత్తొద్దంటారేంటండీ!"

"దింపుతాను. నువ్వెళ్ళి ఉప్మా సంగతి చూడు."

మూడో మూట తీసేస్తే బొమ్మే లేదు. మళ్ళీ వేస్తే బొమ్మ శీర్షాసనం వేస్తోంది. గడియారం పది దాటింది. అప్పుడతనికి తట్టింది, ఫైలు తిరగకపోతే పోనీ, పెట్టెని తిప్పితే సరి! గ్యాసు సిలిండరంత బరువున్న ఆ పదిహేనంగుళాల మానిటర్ని అమాంతం ఎత్తి తలకిందులుగా తిప్పాడు. అటూ ఇటూ రెండు తలగడలు పెట్టాడు. దొర్లిపోకుండా తువ్వాలుతో కిటికీ ఊచలకి కట్టాడు. మావగారు నిటారుగా నిలబడ్డారు. మౌసు బాణం మాత్రం ఎడమకి తోస్తే కుడికీ, పైకి తోస్తే కిందికీ పోతోంది. ఆ మాత్రం కష్టం ఆఫీసులో పై అధికారులతో రోజూ పడేదే.

పదిన్నరకి అత్తమామలు వచ్చారు. లక్ష్మీనరసమ్మ గారు మానిటర్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఇదేమిటి అల్లుడుగారూ, దీన్ని జబ్బుమనిషిలా కట్టేశారు?"

"కొత్త పద్ధతండీ అత్తయ్యగారూ. క్లారిటీ బావుంటుంది."

ఆవిడ నమ్మలేదు గాని కూర్చుంది. సన్నాయి మొదలైంది. మేష్టారు పీటల మీద తన్ను తాను చూసుకుని మురిసిపోయారు. ఆయన హైస్కూల్లో ముప్పై రెండేళ్ళు సైన్సు చెప్పి రిటైరైన మనిషి. అన్నిటికీ కారణం తెలియాలంటారు. కలశాభిషేకం వచ్చింది. తెరమీద మేష్టారు ఉత్తరీయం తీసి తడిసిన ఒంటితో నిలబడ్డారు. లక్ష్మీనరసమ్మ గారు ముందుకి వంగింది.

"ఆపండి! అల్లుడుగారూ, ఆపండోసారి!"

బాణం మూడుసార్లు అవతలికి పరిగెత్తి, నాలుగోసారి చిక్కి, బొమ్మ ఆగింది.

"మీ జంధ్యం ఎటుందో చూడండి."

మేష్టారు కళ్ళజోడు సవరించుకున్నారు. శుభకార్యంలో ఎడమ భుజం మీద ఉండవలసిన జంధ్యం కుడి భుజం మీద వేలాడుతోంది. దాన్ని అటు మార్చేది పితృకార్యాలప్పుడు. అపసవ్యం అంటారు. పోయినవాళ్ళకి తిలోదకాలు వదిలేటప్పుడు అపసవ్యం. అరవై నిండిన మనిషి ఆయుష్షు కోసం చేసే క్రతువులో అపసవ్యమేమిటి!

"అయ్యో అయ్యో! బతికున్న మనిషికి తద్దినం పెట్టించాడే ఆ అవధాన్లు!" లక్ష్మీనరసమ్మ గారు గుండెలు బాదుకుంది. "అందుకే కదూ నెల నుంచీ మీకు మోకాలు పట్టేసింది!"

"అంతకుముందు కూడా..." అన్నారు మేష్టారు.

"అంతకుముందు నొప్పి. ఇప్పుడు పట్టేసింది. ఇది వేరు!"

శాంభవి వీధి చివరున్న పురోహితుడు అవధాన్లు గారిని పిలుచుకురావడానికి పరిగెత్తింది. ఈలోగా ఆగిన సినిమా మళ్ళీ కదిలింది. చదివింపులు మొదలయ్యాయి, రెండో ఘోరం బయటపడింది. వచ్చిన చుట్టం వచ్చినట్టు బట్టలు, తాంబూలాలు ఎడంచేత్తో ఇస్తున్నారు! మేష్టారి చెల్లెలు వెంకటరత్నమ్మ అయితే నవ్వుతూ మరీ ఎడంచేత్తో పసుపు రాసింది. లక్ష్మీనరసమ్మ గారు అక్కడే ఫోనందుకుని గుడివాడ కలిపింది.

"ఏం వెంకటరత్నమ్మా, నా కాళ్ళకి ఎడంచేత్తో పసుపు రాస్తావా? ఇరవై ఏళ్ళ నుంచీ కడుపులో పెట్టుకుని ఇప్పుడు తీర్చుకున్నావా? ... నేనెందుకు కలలు కంటానే, కంప్యూటర్లో కనిపిస్తుంటే! ... ఆఁ, నువ్వూ రావద్దు, మేమూ రాం!"

పమిటలు కూడా అటు భుజం మీదే ఉన్నాయి. కాని ఒకసారి జంధ్యం పట్టుకున్న కళ్ళు పమిటల్ని చూస్తాయా! అందరూ చేతులే చూస్తున్నారు. ఇంతలో తెరమీదికి జయదేవ్ వచ్చాడు. బట్టల పళ్ళెం ఎడంచేత్తో మావగారికి అందించాడు. అతని వెనకే రామకోటేశ్వరరావు వచ్చాడు. ఒక చేత్తో కొత్త సెల్‌ఫోను చెవికి ఆనించుకుని, రెండో చేత్తో, సాక్షాత్తూ కుడిచేత్తో, బట్టలు ఇచ్చాడు.

"చూశారా!" అంది లక్ష్మీనరసమ్మ గారు, భర్త భుజం తట్టి మరీ. "ఇంతమందిలో పద్ధతి తెలిసినవాడు మన పెద్దల్లుడొక్కడే. ఫోనొచ్చినా సరే, కుడిచెయ్యి మర్చిపోలేదు. ఆ హైదరాబాదాయన్ని రానీండి, అడుగుతాను."

రామకోటేశ్వరరావు చెవులు వేడెక్కాయి. పన్నెండేళ్ళ సిలిండర్లు ఒక్కసారిగా తేలికైపోయాయి. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళి, ఎవరూ అడక్కుండానే, అతనికి రెండో కాఫీ తెచ్చింది. ఆ గ్లాసు అందుకుంటూ అతను యథాలాపంగా తెరవంక చూశాడు. పీటల వెనక పూలదండల మధ్య మావగారి పేరుతో కట్టిన బ్యానరుంది. దానిమీద అక్షరాలన్నీ వెనక్కి తిరిగి ఉన్నాయి.

కాఫీ గొంతుకి అడ్డం పడింది. కాలవగట్టున నిలబడితే నీళ్ళలో మన నీడ తలకిందులుగా కనిపిస్తుంది చూడండి, కోడెక్ మూటలన్నీ కలిసి చేసింది అదే. ఆ నీడని మళ్ళీ నిలబెట్టేసరికి కుడి ఎడమై కూర్చుంది, అద్దంలో బొమ్మకి మల్లే. అవధాన్లు గారు ఏ తప్పూ చెయ్యలేదు. వెంకటరత్నమ్మ కుడిచేత్తోనే పసుపు రాసింది. జయదేవ్ కుడిచేత్తోనే బట్టలు ఇచ్చాడు.

చెప్పాలి. నోరు తెరిచాడు.

"ఇంకాస్త పంచదార వెయ్యనా అల్లుడుగారూ?" అంది అత్తగారు.

నోరు మూశాడు. లేచి, దుమ్ము దులుపుతున్నట్టు నటిస్తూ, కిటికీకి కట్టిన తువ్వాలు చెంగు లాగి బ్యానరున్న మేర తెరకి అడ్డంగా వేలాడదీశాడు.

అవధాన్లు గారు డెబ్బై ఏళ్ళ మనిషి. ఆ ఇంట్లో బారసాల నుంచి పెళ్ళిళ్ళదాకా అన్నీ ఆయన చేతిమీదుగానే జరిగాయి. ఆదివారం పూట కబురొచ్చిందంటే టిఫిను ఉంటుందని నవ్వుకుంటూ వచ్చారు. నవ్వు గడప దగ్గరే ఆగింది. మేష్టారు తెర చూపించారు, లక్ష్మీనరసమ్మ గారు గుడివాడ ఫోను సంగతి కూడా చెప్పింది.

"ఏదీ, ఇంకోసారి వెయ్యి అబ్బాయ్."

వేశాడు.

"ఇంకోసారి."

మూడోసారి కూడా జంధ్యం కుడిభుజం మీదే ఉంది. అవధాన్లు గారి చెయ్యి దానంతటదే తన ఒంటిమీది జంధ్యాన్ని తడుముకుంది. "అందులో నాది కూడా అటే ఉందే మేష్టారూ," అన్నారు మెల్లగా. "సంకల్పం చెప్పించి... నేనే మార్పించానా? ఎప్పుడు? నాకు గుర్తు లేదే!"

"మీకు గుర్తు లేకపోతే మా గతేమిటండీ?" అంది లక్ష్మీనరసమ్మ గారు.

"నిజమేనమ్మా. యాభై ఏళ్ళు చేయించాను. ఎక్కడా మంత్రం జారలేదు. ఇవాళ చెయ్యే జారిందంటే..." ఆయన కింద కూలబడ్డారు. "మాఘంలో మూడు పెళ్ళిళ్ళు ఒప్పుకున్నాను. వద్దని చెప్పేస్తాను. మతి తప్పినవాడు పీటల దగ్గర కూర్చోకూడదు. మీకు మళ్ళీ మొదట్నుంచీ వేరేవాళ్ళ చేత చేయిస్తాను మేష్టారూ. నన్ను క్షమించండి."

ఆ ముసలాయన మేష్టారికి దణ్ణం పెట్టబోతే మేష్టారు పట్టుకుని ఆపారు. ఇద్దరి కళ్ళూ తడి. రామకోటేశ్వరరావుకి నిజం గొంతుదాకా వచ్చింది. అక్కడ రెండో కాఫీ అడ్డం పడింది. భోజనాలయ్యాక చెబుదాం, జయదేవ్‌కి నాలుగు తగిలాక చెబుదాం, ఒక్క గంటలో ముసలాయనకి ఏం కాదులే అనుకున్నాడు. అసూయ మనిషి చేత చేయించే పనులు ఇలాగే ఉంటాయి. దొంగతనంలా ఉండవు, ఒక్క గంట వాయిదాలా ఉంటాయి.

పన్నెండింటికి ఆటో ఆగింది. జయదేవ్ మిఠాయి పెట్టెతో, పద్మశ్రీ బ్యాగుతో లోపలికి వచ్చారు. చెప్పులు విప్పకముందే లక్ష్మీనరసమ్మ గారు అతన్ని తెర ముందు నిలబెట్టింది.

"జంధ్యం చూశారా? అది అవధాన్లు గారి తప్పు. ఇప్పుడు మీ చెయ్యి చూడండి. మావగారికి ఎడంచేత్తో ఇస్తారా అల్లుడుగారూ? కంప్యూటర్ కంపెనీలో ఇవేనా నేర్పేది?"

రామకోటేశ్వరరావు గోడకి ఆనుకుని ఈ క్షణాన్ని చప్పరిస్తున్నాడు. జయదేవ్ తెర చూశాడు. కట్టేసిన మానిటర్ని చూశాడు. తలగడల్ని చూశాడు. ఇంక చెప్పేస్తాడు, వీడికి తెలియకుండా ఉంటుందా అనుకున్నాడు రామకోటేశ్వరరావు. జయదేవ్‌కి ఏమీ తెలియలేదు. హైదరాబాదులో అతను చేసేది జీతాల లెక్కల ప్రోగ్రాము. వీడియో ఫైలు మొహం అతనెప్పుడూ చూడలేదు. కాని తెలియదని ఆ ఇంట్లో అతనేనాడూ అనలేదు, అనే అవసరం రానివ్వలేదు.

"అదా అత్తయ్యగారూ," అన్నాడు నిదానంగా. "మావయ్యగారి జంధ్యం అటుందని నేనారోజే గమనించానండీ. నలుగురిలో ఎందుకని ఊరుకున్నాను. అపసవ్యంలో ఉన్న మనిషికి కుడిచేత్తో ఇస్తే దోషమని మా తాతయ్య చెప్పేవారు. అందుకే కావాలనే ఎడంచేత్తో ఇచ్చాను."

లక్ష్మీనరసమ్మ గారి ముఖం విచ్చుకుంది. "చూశారా ఎంత ముందుచూపో! అవధాన్లు గారికే తట్టనిది పట్టాడు. చదువంటే అదీ!" అని, రామకోటేశ్వరరావు వైపు తిరిగింది. "మరి మీరేమిటి అల్లుడుగారూ, చూసుకోకుండా కుడిచేత్తో ఇచ్చేశారు?"

అంతే. ముసలాయన కన్నీళ్ళు తెప్పించలేని నిజాన్ని ఈ మాట తెప్పించింది.

"అబద్ధం!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు రామకోటేశ్వరరావు. "వీడు ఆ రోజు ఏమీ చూళ్ళేదు! చూడ్డానికి అక్కడేమీ జరగలేదు! జంధ్యం ఎడమ భుజం మీదే ఉంది! నేను మూడు కోడెక్కులు ఒకదాని మీదొకటి వేస్తే బొమ్మ తలకిందులైంది, పెట్టె తిప్పితే కుడి ఎడమైంది! తువ్వాలు తియ్యండి, బ్యానర్ చూడండి! శాంభవీ, గోడ అద్దం తే!"

తువ్వాలు లేచింది. అక్షరాలు వెనక్కి తిరిగి కనిపించాయి. శాంభవి అద్దం తెచ్చి తెరకి ఎదురుగా పట్టుకుంటే, రామకోటేశ్వరరావు వీడియోని మళ్ళీ కలశాభిషేకం దగ్గరికి జరిపాడు. అందరూ కంప్యూటర్‌కి వీపులు తిప్పి అద్దంలోకి చూశారు. బ్యానరు మీద మేష్టారి పేరు చక్కగా చదవడానికొచ్చింది. జంధ్యం వెళ్ళి ఎడమ భుజం మీద కూర్చుంది.

"పార్శ్వ విలోమం!" అన్నారు మేష్టారు, నుదురు కొట్టుకుని. "ముప్పై రెండేళ్ళు ఇదే పాఠం చెప్పానే! అద్దంలో ప్రతిబింబం అని బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పానే!"

అవధాన్లు గారు అద్దం వంక చూసి, ఒంటిమీది జంధ్యం సర్దుకుని, నెమ్మదిగా లేచి నిలబడ్డారు. పద్మశ్రీ మొగుడి మొహంలోకి చూసింది. "మీ తాతయ్యగారు ఎప్పుడు చెప్పారండీ? మీరు పుట్టకముందే పోయారుగా?"

జయదేవ్ మిఠాయి పెట్టె మీది దారం ముడి విప్పడంలో మునిగిపోయాడు. లక్ష్మీనరసమ్మ గారు చిన్నల్లుడి మీంచి చూపు తిప్పేసుకుంది. అది రామకోటేశ్వరరావుకి రెండో కాఫీ కన్నా తియ్యగా ఉంది. గెలిచాడు. పన్నెండేళ్ళ తర్వాత, అందరి ముందూ, సాక్ష్యంతో సహా గెలిచాడు. వీడియో ఆపాలన్న ధ్యాస ఎవరికీ లేదు. అద్దంలో దాని దారిన అది ఆడుతూనే ఉంది.

అద్దంలో జయదేవ్ వచ్చాడు. వంగి, వినయంగా, కుడిచేత్తో బట్టలు ఇచ్చాడు. అతని వెనకే రామకోటేశ్వరరావు వచ్చాడు. కుడిచేత్తో కొత్త సెల్‌ఫోను చెవికి గట్టిగా నొక్కుకుని, మావగారి వంక చూడనైనా చూడకుండా, ఎడంచేత్తో పంచెల చాపు ఆయన ఒళ్ళోకి నెట్టాడు. మరదలి మొగుడి చెయ్యి ఎటు మారిందో క్షణంలో లెక్కగట్టిన మనిషికి, తన చెయ్యి కూడా మారుతుందని అంతసేపూ తట్టనే లేదు.

శాంభవి అద్దం దించబోయింది.

"ఉంచమ్మాయ్," అన్నారు అవధాన్లు గారు.

అద్దం ఉంది. మనుషులు ఉన్నారు. లక్ష్మీనరసమ్మ గారు పెద్దల్లుడి చేతిలో ఖాళీ గ్లాసు తీసేసుకుంది. అవధాన్లు గారు సంచీలోంచి అక్షింతల పొట్లం తీసి బల్లమీద పెట్టి, మూడు పెళ్ళిళ్ళు మళ్ళీ చేతికొచ్చిన మనిషి గొంతుతో అన్నారు:

"ఆ పెట్టె కట్టెయ్ అబ్బాయ్. పీట వెయ్యి, మేష్టారిని తూర్పుముఖంగా కూర్చోబెట్టు, పంచెల చాపు తీసుకురా. గుడివాడకి ఫోన్ చేసి ఆవిడకి క్షమాపణ నువ్వే చెప్పుకో. చెప్పి వచ్చి, ఇందరి ముందూ, ఇప్పుడే మళ్ళీ ఇయ్యి. రెండు చేతులతో ఇయ్యి, ఏ కోడెక్కూ ఏమీ చెయ్యలేదు."